పాతపడవకు క్రొత్తవేగము

మన పాతపట్నము మహేంద్రతనయానదీతీరమున నున్నది. ఈ నదిలో మోటారుపడవలు తిరుగవు; ఇచ్చటి బాలురలో పెక్కుమంది సముద్రమును సెలవుదినములయందు మాత్రమే చూచియుందురు. అయినను మన వసతిగృహమునందు తీరగ్రామములనుండి వచ్చి చదువుకొను బాలురు కొందరు కలరు. వారిలో పదియవతరగతి బాలుడొకడు నిరుడు మార్చినెలలో మమ్మొక ప్రశ్న యడిగెను.

“మాస్టారూ, పడవలోని 10 అశ్వశక్తుల ఇంజను తీసివేసి 20 అశ్వశక్తుల ఇంజను పెట్టినచో పడవ రెండురెట్లు వేగముగా పోవునా?”

అది గంట కొట్టు సమయము. మేము పుస్తకములు సర్దుకొనుచు, “శక్తి రెట్టింపైనచో వేగమును రెట్టింపగును” అని చెప్పి తరగతి విడిచితిమి.

ఆ సమాధానము తప్పు. అది బాలుని నోటుపుస్తకమునందే నిలిచియున్నచో ఎఱ్ఱసిరాతో దిద్ది యుందుము. కాని అది ఆదివారమునాడు బాలునితో గూడ ఇల్లు చేరినది. వాని తండ్రి భావనపాడు తీరమున చేపలవేట చేయువాడు. మన జిల్లా మత్స్యకారులు పలువురవలె అతడును కొన్నియేండ్లు గుజరాతులోని వేరావలునకు కూలికి పోయి వచ్చినవాడే. 2018 నవంబరులో ఆ తీరమునుండి వేటకు పోయిన శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలవారు కొందరు పాకిస్థానువారికి చిక్కి, 2020 జనవరిలో విడుదలయైన సంగతి చదువరులకు తెలిసినదే. నాటినుండి ఆ యింటి యిల్లాలు భర్తను దూరదేశము పోనిచ్చుట లేదు. ఉన్న పాతపడవతోనే ఇచ్చట బ్రతుకవలయును. ముందుగా ఒడ్డు చేరిన పడవకు మంచిధర. వెనుకబడిన పడవకు మిగిలిన ధర. కావున ఆ తండ్రి ఇంజను మార్చదలచి, ఇల్లాలి పుస్తెలతాడు కుదువబెట్టుటకును, చాలని సొమ్మును చేపలవర్తకునియొద్ద తెచ్చుటకును సిద్ధపడెను. వర్తకుని యప్పు తీరువరకు చేపలన్నియు అతనికే, అతడు చెప్పిన ధరకే, అమ్మవలయును. “మా మాస్టారు కూడ రెట్టింపగు నన్నారు” అను కుమారుని మాట ఆ తండ్రికి సాక్ష్యమైనది.

బాలుడు సోమవారమున ఈ సంగతి సంతోషముతో చెప్పినప్పుడు మాకు గుండె గుభిల్లుమన్నది. ఆ రాత్రి కూర్చుండి లెక్క కట్టితిమి. ఆ లెక్కయే ఈ పాఠము.

నీరు చెప్పు లెక్క

పడవ కదలునప్పుడు నీరు దానిని వెనుకకు త్రోయును. ఈ నిరోధము వేగమువలె పెరుగదు. ఇంచుమించు వేగముయొక్క వర్గమువలె పెరుగును. అనగా వేగము రెండింతలైన నిరోధము నాలుగింతలు. ఇంజను చేయవలసిన పని నిరోధమును మాత్రమే బట్టి యుండదు. ఆ నిరోధమునకు ఎదురుగా క్షణమునకెంత దూరము పోవలయునో దానినిగూడ బట్టి యుండును. కావున శక్తి వేగముయొక్క ఘనమువలె పెరుగును. వేగము రెండింతలు కావలెనన్న శక్తి 2 × 2 × 2, అనగా ఎనిమిదింతలు కావలయును.

దీనిని త్రిప్పి చూతము. శక్తి రెండింతలు మాత్రమే చేసినచో వేగమెంత పెరుగును? ఏ సంఖ్యను మూడుమారులు వేసి గుణించిన 2 వచ్చునో ఆ సంఖ్య కావలయును. అది 1.26. అనగా గంటకు 5 మైళ్లు పోవు పడవ, ఇంజను శక్తి రెట్టింపైన పిదప, పది మైళ్లు కాదు, 6.3 మైళ్లు పోవును. అదియును మిగిలినవన్నియు అనుకూలించినప్పుడే.

ఇది యొక్కటే కాదు. పడవ ముక్కువద్ద ఒక అలయు తోకవద్ద ఒక అలయు పుట్టుట మీరు చూచియుందురు. వేగము పెరిగినకొలది ముక్కువద్దనుండి లేచు అల సాగిపోవును. అల పొడవు పడవ పొడవునకు సమానమైనప్పుడు, పడవ తాను పుట్టించిన గోతిలో తోక దించుకొని, తన యలనే కొండవలె ఎక్కవలసి వచ్చును. అప్పుడు ఇంజను ఎంత రొదచేసినను నురుగు పెరుగునే గాని వేగము పెరుగదు. పందొమ్మిదవ శతాబ్దమున విలియం ఫ్రూడ్ అను ఆంగ్లేయ ఇంజనీరు టార్కీ పట్టణమున పొడవైన నీటితొట్టె కట్టించి, చిన్న నమూనా ఓడలను లాగించి, ఈ విషయము శోధించెను. ఇప్పటి పడవపనివారి సూత్రమిది: నీటిని తాకు పడవభాగముయొక్క పొడవు అడుగులలో తీసికొని, దాని వర్గమూలమును 1.34 చేత గుణించిన, ఆ పడవ తేలికగా చేరగల హద్దువేగము నాటికల్ మైళ్లలో వచ్చును. నాటికల్ మైలనగా 1,852 మీటర్లు.

మన బాలుని పడవకు ఆ పొడవు 25 అడుగులు. వర్గమూలము 5. హద్దువేగము 6.7 నాటికల్ మైళ్లు. ఈ హద్దు గోడ కాదు, నిట్టనిలువు మెట్ట. ఎక్కవచ్చును గాని మిక్కిలి ప్రయాసతో. తేలికయై, అడుగు చదునుగా నుండి, నీటిపై జారిపోవు చిన్న ఫైబరుపడవలకు ఈ హద్దు వర్తింపదు. నీటిని చీల్చుకొనిపోవు బరువైన పడవలకు వర్తించును. మన పడవ ఆ రెండవజాతిది.

కొలిచి చూచుట

శిక్షణకళాశాలలో మా గురువులు మొట్టమొదట నేర్పినది, కొలువక చెప్పరాదని. ఆ మాట మరచినందున వచ్చిన చిక్కును కొలిచియే దిద్దుకొనవలయునని తలచితిమి. ఏప్రిలు మొదటి శనివారమున నలుగురు బాలురతో రైలెక్కి, టెక్కలి మీదుగా నౌపడలో దిగి, ఉప్పుమళ్లప్రక్కగా పోయి భావనపాడు చేరితిమి.

తండ్రిని చూడగనే, ముందు మా తప్పు ఒప్పుకొంటిమి. అతడు కొంతసేపు మౌనముగా నుండి, “అయితే ఏమి చేయమంటారు మాస్టారూ? వర్తకునికి మాట యిచ్చినాను” అనెను. ఒక్కదినము గడువు కోరితిమి.

ఒడ్డుననే 500 మీటర్లు టేపుతో కొలిచి రెండు వెదురుగడలు పాతించితిమి. పడవను పూర్తివేగముతో ఒక దిక్కునకు ఒకమారు, తిరిగి ఒకమారు నడిపించితిమి. ప్రవాహము ఒకవైపు సాయపడి మరియొకవైపు అడ్డగించును గావున రెండువైపులను కొలువవలయును. పోవునప్పుడు 3 నిమిషముల 48 సెకండ్లు, వచ్చునప్పుడు 4 నిమిషముల 12 సెకండ్లు పట్టెను. రెండు వేగములను వేరువేరుగా కట్టి సగటు తీయగా గంటకు నాలుగు నాటికల్ మైళ్లకు కొంచెము పైన తేలినది. 6.7 చేరగల పడవ 4 మాత్రమే పోవుచున్నది! తక్కినది ఎక్కడ పోయినదో వెదకుట మా పనియైనది.

టెక్కలినుండి వచ్చిన యొక ఇంజనుపనివాడు చుట్లు లెక్కించు యంత్రమును తెచ్చెను. ఆ ఇంజను నిమిషమునకు 1,500 చుట్లు తిరిగినప్పుడే 10 అశ్వశక్తుల నిచ్చును. అది 1,200 దాటలేకుండెను. పొగగొట్టమునుండి నల్లనిపొగ వచ్చుచుండెను. ఇది బరువెక్కువైన ఎద్దు రొప్పుటవంటిది. ఇంజను చిన్నదై కాదు, దానికి తగని బరువు కట్టినందుననే అది రొప్పుచున్నది.

పంకా రహస్యము

మన పడవవారు పంకా యని పిలుచు ప్రొపెల్లరు నిజమునకు ఒక మర. మరమేకు కొయ్యలో ఒకచుట్టు తిరిగిన కొంతదూరము లోనికి పోవునట్లు, పంకాయు ఒకచుట్టునకు నీటిలో కొంతదూరము ముందునకు పోవలయును. ఆ దూరమును పనివారు పిచ్ అందురు. కాని నీరు కొయ్యవలె గట్టిది కాదు గనుక కొంత జారును.

ఆ పడవ పంకా పిచ్ 14 అంగుళములు. ఇంజనుకును పంకాకును నడుమ గేరుపెట్టె కలదు. ఇంజను రెండుచుట్లు తిరిగిన పంకా ఒకచుట్టు తిరుగును. చిన్నపంకాను మిక్కిలి వేగముగా త్రిప్పుటకంటె పెద్దపంకాను నెమ్మదిగా త్రిప్పుట బరువుపడవకు లాభము గనుక ఈ యేర్పాటు. ఇంజను 1,200 చుట్లయినచో పంకా 600. నిమిషమునకు 600 × 14 = 8,400 అంగుళములు, అనగా 700 అడుగులు; గంటకు 42,000 అడుగులు. నాటికల్ మైలునకు 6,076 అడుగుల చొప్పున ఇది 6.9 మైళ్లు. పడవ పోయినది 4. నూటికి నలువదికి పైగా నీటిలో జారిపోవుచున్నది.

రెండేండ్లక్రితము మొదటిపంకా విరుగగా ఒకరు ఈ పెద్దపిచ్ పంకాను తగిలించి, “పెద్దది పెట్టిన వేగము పెరుగును” అని చెప్పిరట. మేము తరగతిలో చెప్పినదియు అట్టి మాటయే గదా యని మనసున సిగ్గుపడితిమి. మెట్టయెక్కు బండికి పెద్దగేరు వేసిన ఇంజను రొప్పునట్లే, తగనిపిచ్ పంకా ఇంజనును దాని పూర్తిశక్తి చేరనీయదు.

ఈ విషయమున లోకమునకు మొదటిపాఠము చెప్పినది ఒక ప్రమాదము. ఫ్రాన్సిస్ పెటిట్ స్మిత్ అను నాతడు 1837లో లండనులోని ఒక కాలువలో మరపంకాతో చిన్నపడవను నడిపించుచుండెను. అతని పంకా కొయ్యతో చేసిన రెండుచుట్ల పొడవైన మర. అది దేనికో తగిలి సగము విరిగిపోయెను. పడవ ఆగునని యనుకొనగా, అది మునుపటికంటె వేగముగా పరుగెత్తెను! పెద్దది మేలని యనుకొనుట ఎంతపొరపాటో ఆ విరిగినమర చూపినది.

అరువదియొక్కదినముల పని

తూర్పుతీరమున ఏప్రిలు 15 మొదలు జూను 14 వరకు 61 దినములు యంత్రపడవలపై చేపలవేట నిషేధము. పడవలు ఒడ్డుకెక్కి మరమ్మతు పొందు కాలమది. ఆ తండ్రి వర్తకునితో, “నిషేధము ముగిసినపిదప చెప్పెదను” అని గడువు తీసికొనెను. ఆ కాలమున జరిగిన పనులివి:

మొదట, పడవ అడుగున పట్టిన పాచిని, గుల్లలను గోకి, రుద్ది, రంగు వేసిరి. గరుకైన అడుగు నీటిని తనతో ఈడ్చుకొనిపోవును. ఇంజనుశక్తిలో పెద్దభాగము ఆ యీడ్పునకే చెల్లును. మా బాలురు నలుగురు ఒకదినమంతయు ఈ పనిచేసి చేతులు గీరుకొనిరి.

రెండవది, అక్కరలేని బరువును దించిరి. పాతవలలు, చిల్లుపడిన డబ్బాలు, ఎప్పుడో వేసి మరచిన ఇసుకబస్తాలు మూడు దొరికినవి.

మూడవది, ఇంజనును పంకాయిరుసును ఒకే సరళరేఖయందు నిలిపిరి. రెంటిని కలుపు బిళ్లల నడుమ ఒకవైపున రూపాయిబిళ్ల దూరునంత సందును, మరియొకవైపున సందు లేకుండుటయు కనబడెను. ఇట్టి యిరుసు తిరుగునప్పుడు అదరును, బేరింగు అరుగును, నీరు లోనికి చొరును, శక్తి వేడియై పోవును. ఇంజను కాళ్లక్రింద రేకులు వేసి ఈ వంకర తీర్చిరి.

నాలుగవది, 12 అంగుళముల పిచ్ గల పంకా తగిలించిరి. పాతపంకాను మార్పిడికిచ్చి కొంత సొమ్ము చేర్చి దీనిని కొనిరి. పుస్తెలతాడు కదలలేదు.

ఇసుకయొడ్డునకు ఎక్కించు పడవలకు ఇరుసు మరియొక చిక్కు తెచ్చును. పంకా నేలకు తగిలి విరుగును. 1979లో మొదలుపెట్టి మద్రాసు కేంద్రముగా ఐక్యరాజ్యసమితి ఆహారవ్యవసాయసంస్థవారు నడపిన బంగాళాఖాత కార్యక్రమమునందు, ఇంజను, ఇరుసు, పంకా అన్నియు ఒక్కటిగా వంగి, ఒడ్డు చేరునప్పుడు పంకా పైకి లేచు ఏర్పాటొకటి రూపొందించిరి. అలలలోనుండి తిన్నగా ఇసుకపైకి వచ్చు తీరములకు అది యుక్తమైన యుపాయము. మన పడవ ఉప్పుటేటిలో కట్టబడునది గావున దానికి అది అక్కరలేదు.

రెండవ కొలత

జూను కడపటి శనివారమున మరల వెదురుగడలు పాతితిమి. పోవునప్పుడు 3 నిమిషముల 9 సెకండ్లు, వచ్చునప్పుడు 3 నిమిషముల 20 సెకండ్లు. సగటు గంటకు సరిగా 5 నాటికల్ మైళ్లు! ఇంజను 1,500 చుట్లు తిరిగెను, నల్లపొగ పోయెను. పంకా 750 చుట్లతో గంటకు 7.4 మైళ్లు పోవలసినది 5 పోయెను గనుక, జారుడు నూటికి 32కు దిగినది.

పదిమైళ్ల దూరమునగల వేటస్థలమునకు మునుపు రెండున్నరగంటలు. ఇప్పుడు రెండుగంటలు. రాకపోకలకు ఒక గంట మిగిలినది.

ఇప్పుడు 20 అశ్వశక్తుల ఇంజను సంగతి చూతము. ఎక్కువలో ఎక్కువ 6.3 మైళ్ల వేగము. పదిమైళ్లకు గంటా ముప్పదియైదు నిమిషములు. 10 అశ్వశక్తుల డీజిలుఇంజను పూర్తిశక్తితో గంటకు సుమారు 2.2 లీటర్లు త్రాగునని కొందము. 20 అశ్వశక్తులది 4.4. చిన్నయింజనుతో పోయిరాక 8.8 లీటర్లు, పెద్దదానితో 14 లీటర్లు. ఇరువదియైదేసి నిమిషములకై దినమునకు 5 లీటర్లకు పైగా అదనపుచమురు! దానితో గూడ లావుయిరుసు, క్రొత్తగేరుపెట్టె, క్రొత్తపంకా, గట్టియైన ఇంజనుదిమ్మె కావలయును. తోకవైపు బరువు పెరిగి ముక్కు లేచును. పాతపడవ చెక్కలకు అది మంచిది కాదు. ఈ లెక్కను ఆ యింటి అరుగుపై బాలునిచేతనే సుద్దతో వ్రాయించితిమి. తల్లి తలుపువెనుకనుండి రెండుమారులు చదివించుకొనెను.

ఇంజను మార్చరాదా?

మార్చవచ్చును. కాని ఇంజనుతో గూడ తక్కినవియు మార్చవలయును. దీనికి పెద్ద యుదాహరణము టర్బీనియా యను నావ. చార్లెస్ పార్సన్స్ అను ఇంజనీరు 1894లో తన క్రొత్త ఆవిరిటర్బైనును ఆ నావయందు పెట్టెను. ఇంజను అద్భుతమైనది, కాని వేగము ఇరువది మైళ్లకైన చేరలేదు. ఒంటిపంకా మిక్కిలి వేగముగా తిరుగుటచే నీటిలో బుడగలు పుట్టి పట్టు తప్పుచుండెను. పార్సన్సు ఆ బుడగలను అద్దపుతొట్టెలో పరిశీలించి, ఒకయిరుసునకు మారుగా మూడుయిరుసులు, ఒక్కొక్కదానికి మూడేసి పంకాలు అమర్చి, టర్బైనునుగూడ మూడుగా విభజించెను. 1897 జూనులో స్పిట్‌హెడ్డువద్ద విక్టోరియారాణి వజ్రోత్సవ నౌకాప్రదర్శనమున ఆ నావ గంటకు 34 నాటికల్ మైళ్లకు పైగా పరుగెత్తెను. నూరడుగులకు మించిన పొడవును, తొమ్మిదడుగుల వెడల్పును గల సన్ననిదేహము దానికుండుటచేతనే హద్దువేగమను మెట్టను అంతసులువుగా దాటగలిగెను. ఇంజను, ఇరుసు, పంకా, దేహము నాలుగును ఒక్కటియైనప్పుడు వచ్చిన వేగమది.

మన యూరిలోనే మరియొక యుదాహరణము కలదు. 1900లో నౌపడకును పర్లాకిమిడికిని నడుమ ప్రారంభమైన రెండున్నర అడుగుల సన్నపట్టాల రైలును పెద్దలు మరువలేదు. ఆ పట్టాలపై ఎంతబలమైన ఇంజను పెట్టినను నేటి బండి నడువదు. పట్టాలు, కట్టలు, వంతెనలు మార్చి 2011 నాటికి గుణుపురమువరకు పెద్దపట్టాలు వేసినపిదపనే పెద్దబండి వచ్చినది.

ఆ తండ్రి వర్తకునియొద్ద అప్పు తీసికొనలేదు. అతని పడవ తీరమున మొదటిది కాలేదు; తేలిక ఫైబరుపడవలు నేటికిని దానిని దాటిపోవుచున్నవి. అట్టిపడవ యొకటి, సొమ్ము కూడినప్పుడు, కొనవలెనని అతని కోరిక. అంతవరకు దినమునకొక గంటయు, మెడలోని పుస్తెలతాడును మిగిలినవి.

జులైలో బడి తెరచినపిదప అదే తరగతిగదిలో నిలిచి, నిరుడు గంటవేళ చెప్పిన సమాధానము తప్పని బాలురయెదుట చెప్పి, ఆ ప్రశ్నను మరల బల్లపై వ్రాసితిమి. ఉపాధ్యాయుని తొందరమాట ఎంతదూరము పోవునో మాకు తెలిసినది. అది ఒక యింటి బంగారమువరకు పోవును.

అభ్యాసములు

1. నీటిని తాకు పొడవు 36 అడుగులైన పడవకు హద్దువేగమెంత?

2. పడవ వేగమును ఒకటిన్నరరెట్లు చేయవలెనన్న శక్తి ఎన్నిరెట్లు కావలయును?

3. పంకా నిమిషమునకు 800 చుట్లు తిరుగుచున్నది. పిచ్ 15 అంగుళములు. పడవ గంటకు 6.9 నాటికల్ మైళ్లు పోవుచున్నచో జారుడు నూటికెంత?

4. వానకాలమున పెద్దలతో గూడ మహేంద్రతనయయొడ్డునకు పోయి, ఏటిలో దిగక, ఒక ఎండుకొబ్బరికాయను ప్రవాహమున విడిచి, అది 50 మీటర్లు పోవుటకు పట్టుకాలమును ఒడ్డుననుండి కొలువుడు. ఏటివేగము కట్టి వ్రాసి తెండు. మూడుమారులు కొలిచినపిదపనే సమాధానము చెప్పవలయును.